ఒక్క వేషం, ఇరవయ్యేళ్ళు

శివాజీ సాటమ్ గారూ, ముందుగా మీ వేళ్ళకు దండం.

శవం పక్కన నిలబడి, కళ్ళు చికిలించి, కుడిచెయ్యి పైకెత్తి, కనపడని బల్బేదో బిగిస్తున్నట్టు గాలిలో తిప్పేవారే, ఆ వేళ్ళకు. ‘కుఛ్ తో గడ్‌బడ్ హై’ అని మీరనేసరికి హిందీ ముక్క రాని మా తెలుగిళ్ళ ముసలమ్మలకు కూడా ఎక్కడో తేడా కొట్టిందని తెలిసిపోయేది. అంతకు చాలాముందు ఆ వేళ్ళే బొంబాయిలో సెంట్రల్ బ్యాంక్ ఆఫ్ ఇండియా క్యాష్ కౌంటర్ వెనక నోట్లు లెక్కపెట్టాయి. బ్యాంకుల మధ్య జరిగే నాటక పోటీల కోసం మొహానికి రంగు పూసుకున్నారు మీరు. అక్కణ్ణించి మరాఠీ రంగస్థలం, ఆపైన కెమెరా. క్యాషియర్ వేళ్ళు అబద్ధాన్ని ఒప్పుకోవు. దొంగనోటు తగిలిందా, టక్కున ఆగిపోతాయి. మీరు వేసిన ఏసీపీ ప్రద్యుమన్ ఆగిపోవడం అక్కడే నేర్చుకున్నాడని నా అనుమానం. రుజువు లేదు. ‘సీఐడీ’ సీరియల్‌లో మాత్రం, రుజువు దొరికాక అనుమానించిందెప్పుడని?

1998 జనవరి 21న సోనీలో ఆ సీరియల్ మొదలైంది. తీసింది బి.పి. సింగ్, కెమెరా పట్టి ఎదిగిన మనిషి. ఈయనా సాటమూ కలిసి అంతకుముందే దూరదర్శన్‌కు మరాఠీలో ‘ఏక్ శూన్య శూన్య’ అనే పోలీసు సీరియల్ చేసి చేయి తిప్పుకున్నారు. తొలిరోజుల సీఐడీలో ఇన్‌స్పెక్టర్ వీరేంద్ర ఒకడుండేవాడు, చాలామందికి గుర్తుండడు. ఆ వేషం విప్పేసి వెళ్ళిపోయిన అశుతోష్ గోవారికర్ 2001లో ‘లగాన్’ తీసి ఆస్కార్ గుమ్మం దాకా నడిచాడు. వెళ్ళినవాడికి చప్పట్లు పడ్డాయి, పడాల్సినవే. నేను పాడదలచుకున్నది వెళ్ళకుండా ఉండిపోయినవాళ్ళ పాట.

దయా! నిన్ను ‘మీరు’ అనడానికి నోరు రావడం లేదయ్యా. దయానంద్ శెట్టి అన్న నీ పేరులోంచే ఒక ముక్క తుంచి పాత్రకు పెట్టారు. ఉడుపి వైపు తుళు ఇంటి బిడ్డవు, డిస్కస్ విసిరిన చేతివాడివి. కాలి గాయం నిన్ను మైదానంలోంచి బయటికి పంపింది. విధి చమత్కారం చూడు, దేశమంతా నిన్ను ఆ కాలితోనే గుర్తుపట్టింది! తలుపు ముందు ఒక్క క్షణం ఆగేవాడివి. అటూ ఇటూ ఉన్నవాళ్ళు పక్కకు జరిగేవాళ్ళు. రెండడుగులు వెనక్కి వేసేవాడివి. ఆ వెనకడుగులోనే ఉంది నీ నటనంతా: ఇంట్లో చంటిపిల్లలు అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మరిచిపోయింది అప్పుడే. ఆ పైన తన్నింది మామూలు తన్నే. గొళ్ళెం ఉందా, తాళం ఉందా, అసలు కాలింగ్ బెల్ నొక్కి చూశారా అని అడిగిన పాపాన పోలేదు ఎవరూ.

ఆదిత్య శ్రీవాస్తవ గారూ, మీ కథ వేరు. అలహాబాద్ నాటకాల నుంచి ఢిల్లీ, అక్కణ్ణించి ‘బాండిట్ క్వీన్’. మన బెజవాడలో ఇంజనీరింగ్ చదివిన రామ్‌గోపాల్ వర్మ 1998లో ‘సత్య’ తీస్తే అందులో ఇన్‌స్పెక్టర్ ఖాండిల్కర్ మీరు. సీఐడీలో మొదట నేరస్తుడిగా వచ్చి, తర్వాత నేరస్తులను పట్టే అభిజీత్‌గా కుర్చీ వేసుకున్నారు. కొన్నాళ్ళ పని అనుకున్న వేషం మీ జుట్టు నెరిసేదాకా మీ ఒంటిని వదల్లేదు. మధ్యలో ‘బ్లాక్ ఫ్రైడే’లో బాద్షాఖాన్ అయ్యారు. వారాంతాల్లో నిందితుణ్ణి నిలదీసే మనిషి, ఆ సినిమాలో పోలీసుల ముందు కుంగిపోయి, నలిగిపోయి, ఊళ్ళు పట్టుకు తిరిగి అలసిపోయి కూర్చున్నాడు. ఆ కళ్ళు చూసినవాళ్ళు అభిజీత్‌ను తర్వాత మామూలుగా చూడలేరు. సీరియల్ మిమ్మల్ని ఎంత తక్కువగా వాడుకుందో చెప్పే సాక్ష్యం ఆ సినిమా. నాకు కాస్త కోపంగానే ఉంటుంది.

డాక్టర్ సాలుంకే వేషం వేసిన నరేంద్ర గుప్తా గారి ల్యాబ్‌కూ ఒక నమస్కారం. గాజు గొట్టంలో నీలం ద్రవం పోస్తే ఎరుపయ్యేది, అది చూసి హంతకుడు ఎడమచేతివాటం వాడని తేలిపోయేది. సైన్స్ టీచర్లు తల పట్టుకున్నారు. ఏసీపీతో ఆయన వేసుకునే చెణుకుల్లో మాత్రం ముప్ఫయ్యేళ్ళ ఆఫీసు స్నేహం వాసన ఉండేది, అది ఏ ల్యాబ్‌లోనూ తయారుకాదు.

కథలు బలంగా ఉండేవని నేననను. చెంపదెబ్బకే నేరం ఒప్పుకునే హంతకులు ఎక్కడుంటారు? అలాంటి కథను కూడా కళ్ళలో కొంటెనవ్వు రాకుండా, ‘మాకూ తెలుసులెండి’ అన్న వెటకారం పెదవి చివరికి రానివ్వకుండా, 1500కు పైగా ఎపిసోడ్లు మోశారు మీరు. ఇది చిన్న విద్య కాదు.

మీ విద్యకు అసలు పరీక్ష 2004లో జరిగింది. ‘ద ఇన్‌హెరిటెన్స్’ అనే ఎపిసోడ్. 111 నిమిషాలు, ఒకటే షాట్. గిన్నిస్‌వాళ్ళు రాసుకున్నారు, లిమ్కావాళ్ళు రాసుకున్నారు. సీరియల్ షూటింగంటే మామూలుగా ముక్కలు ముక్కలు. ఒక మాట, కట్. ఒక చూపు, కట్. మేకప్ సర్దు, టీ తాగు, మళ్ళీ మొదలు. ఆ రోజు కట్ లేదు. కెమెరా ఒక గదిలోంచి మరో గదిలోకి నడుస్తుంటే, ఫ్రేములోంచి తప్పుకున్నవాడు ఊపిరి బిగబట్టి తన తర్వాతి చోటికి చేరుకోవాలి. 109వ నిమిషంలో ఒకరి నాలుక మడతపడితే మిగతావాళ్ళు పోసిన 108 నిమిషాల చెమటా మట్టిలో కలుస్తుంది. సినిమా తారలకు ఇలాంటి గండం రాదు, నాటకం వాళ్ళకు రోజూ ఉంటుంది. బ్యాంకు నాటకాల్లో, తుళు నాటకాల్లో, ఢిల్లీ నాటకాల్లో కాలిన ఒళ్ళు కాబట్టే నిలబడ్డాయి.

2018 అక్టోబరులో సీరియల్ ఆగింది. 2024 డిసెంబరులో మళ్ళీ మొదలైంది. అప్పటికి సాటమ్ గారికి 74 ఏళ్ళు. అభిజీత్ వచ్చాడు, దయా వచ్చాడు. ఫ్రెడ్రిక్స్ రాలేదు. ఆ వేషంలో పెళ్ళాం పేరు చెబితేనే వణికిపోతూ, శవాల మధ్య మమ్మల్ని నవ్వించిన దినేశ్ ఫడ్నీస్ 2023 డిసెంబరు 5న, 57 ఏళ్ళకే కన్నుమూశాడు. నవ్వించేవాడి వేషానికి అవార్డులు అరుదు. ఇరవయ్యేళ్ళు ఒకే మొహంతో నవ్వించాలంటే ఎంత ఓపిక కావాలో ఇంట్లో పిల్లల్ని ఆడించినవాళ్ళకు తెలుస్తుంది.

చదువరీ, ఒక్క మనవి. ఏ విమానాశ్రయంలోనో, ఏ నాటకశాల మెట్ల మీదో వీళ్ళలో ఒకరు ఎదురైతే సెల్ఫీ అడగండి, తప్పులేదు. తలుపు మాట మాత్రం ఎత్తకండి, వినీ వినీ వాళ్ళ చెవులు తూట్లు పడి ఉంటాయి. సాటమ్ గారూ, శ్రీవాస్తవ గారూ, శెట్టి గారూ, గుప్తా గారూ అని సొంత పేర్లతో పిలవండి.