గడప లోపలి చూపు, వీధి పొడవునా లెక్క

తెనాలిలో రేపల్లె బండి ఎక్కి ఎదుటి సీటు వాళ్ల మాటలు కాసేపు వినండి. "ఏ ఊరండీ మీది?" అంటూ మాట కలుస్తుంది. "ఎవరి తాలూకు?" దాకా వచ్చేసరికి అడుగుతున్నది కులం గురించేనని ఇద్దరికీ తెలుసు. ఆ తర్వాత 'అండీ' నిలుస్తుందా, 'నువ్వు'లోకి దిగుతుందా అన్నది చాలాసార్లు జవాబును బట్టే ఉంటుంది. అలవాటైపోయి కంటికి ఆనని ఈ మర్యాదను ఆపి, దీని నియమం ఎవరు పెట్టారు, ఎవరికి లాభం అని అడిగేదే సమాజశాస్త్రం.

తెలుగు జీవితాన్ని ఇలా ప్రశ్నించిన రెండు పుస్తకాలను పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకటి శ్యామాచరణ్ దూబే 'ఇండియన్ విలేజ్' (1955). రెండోది 1909లో తెనాలిలో పుట్టిన కొడవటిగంటి కుటుంబరావు (కొకు) నవల 'చదువు'.

దూబే ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి ఒక బృందంతో హైదరాబాదు దగ్గరి శామీర్‌పేటకు వెళ్లారు. ఆయన బయటివాడు, అదే ఆయన బలం. ఏ కులం ఏ పని చేస్తుంది, ఎవరు ఎవరి చేతి వంట తింటారు, పండగలో ఎవరి వంతు ఏమిటి అన్నవి ఊరివాళ్లు అడగని ప్రశ్నలు. ఆయన అడిగారు. వీధి పొడవునా లెక్క తీశారు. అయితే ఊరంతా కనిపించే ఆ పుస్తకంలో ఒక్క మనిషి గుండె చప్పుడు వినాలంటే చెవి రిక్కించాలి.

కొకు దారి వేరు. కథానాయకుడు సుందరం అక్షరాభ్యాసంతో మొదలుపెట్టి, మొదటి ప్రపంచ యుద్ధకాలం నుంచి ఆర్థిక మాంద్యం దాకా ఒక్క కుర్రాడి వెంట నడిచారు. ఆ ఇంటికి చదువంటే ఉద్యోగానికి వేసుకున్న నిచ్చెన. మాంద్యం వచ్చాక నిచ్చెన ఉంది, ఎక్కడానికి మేడే లేదు. ధరలూ కొలువులూ ఒక ఇంటి ఆశలను ఎలా వంచుతాయో ఏ పట్టికా ఇంత దగ్గరగా చూపదు. కానీ ఆ చూపు మధ్యతరగతి గడప దాటి దూరం పోదు. మాలపల్లె అరుగు మీద నుంచి చూస్తే ఇదే చదువు ఎలా కనిపిస్తుందో ఆ నవల చెప్పదు.

ఈ రెండు చూపుల్లో ఏ ఒక్కటీ చాలదని చుండూరు చెబుతుంది. తెనాలి నుంచి బాపట్ల వెళ్లే రైలు దారిలోనే ఉందా ఊరు. 1991లో సినిమా హాల్లో కాలు తగిలిందన్న తగాదా, ఆగస్టు 6న 8 మంది దళితుల హత్య దాకా వెళ్లింది. భూమి ఎవరిది, కూలి ఎవరిది, కొత్తగా చదువుకున్నదెవరు అన్నవి దూబే పద్ధతిలో తేలతాయి. పక్కవాడి కాలు తగిలితే అది పొరపాటుగా కాక తలవంపుగా ఎందుకు తోచిందో తెలియాలంటే మాత్రం, కొకులా మనసులోకి దిగాలి.

అయినా మొదటి పాఠంగా ఒక్కటే ఎంచుకోమంటే నా ఓటు 'చదువు'కే. దూబే పక్క ఊరిని ప్రశ్నించడం నేర్పుతారు, కొకు సొంత ఇంటిని అనుమానించడం నేర్పుతారు. రెండోదే కష్టం. అది అలవాటైన విద్యార్థి, శామీర్‌పేట లెక్కలు ఇచ్చినా, రేపల్లె బండిలో కూర్చోబెట్టినా ముందుగా తన నోటి 'అండీ'నే వింటాడు.