గంగ ఒడ్డున ఒక్క రాత్రి

భారతం చివర ఏమవుతుందని ఎవర్నైనా అడగండి. పాండవులు స్వర్గానికి వెళ్లారనీ, అక్కడ కర్ణుడూ దుర్యోధనుడూ అందరూ కలిసిపోయారనీ చెబుతారు. పద్దెనిమిది రోజులు ఒకర్నొకరు నరుక్కున్న వీరులు పైలోకంలోనైనా పక్కపక్కన కూర్చున్నారు కదా అని మనకో తృప్తి.

నిజంగా కూర్చున్నారా? స్వర్గారోహణ పర్వం ఓసారి నిదానంగా చూడండి. ధర్మరాజు వెళ్లేసరికి దుర్యోధనుడు దర్జాగా ఆసనం మీద వెలిగిపోతున్నాడు. ఆయనకి ఒళ్లు మండింది. ఇక్కడ వైరాలుండవయ్యా అని నారదుడు నవ్వుతూ సర్దిచెప్పినా వినలేదు; నా వాళ్లెక్కడ అన్నాడు. నరకంలో తమ్ముళ్ల గొంతులు విని, వీళ్లున్న చోటే నాకు స్వర్గం అని అక్కడే నిలబడిపోయాడు. ఆ పర్వం మొత్తంలో గుండెని తాకే సావాసం అదొక్కటే. అదీ నరకంలో!

తరవాత మాయ విడిపోయింది. ఆకాశగంగలో మునిగేసరికి దేహంతోపాటు కోపమూ పోయింది. అప్పుడాయనకి కనిపించిందేమిటి? కర్ణుడు ద్వాదశాదిత్యులతో, భీముడు మరుత్తులతో, నకుల సహదేవులు అశ్వినీ దేవతలతో. ఎవరి తండ్రి దగ్గరికి వాళ్లు చేరారు. భూమ్మీద ఆడవాళ్లకి దొరకని పుట్టిల్లు స్వర్గంలో మగవాళ్లకి దొరికిందన్నమాట! లక్క ఇంటి దగ్గర్నుంచి అరణ్యవాసం దాకా ఒక్కచోట ముద్ద తిన్న అన్నదమ్ములు తలో పంక్తిలో సర్దుకున్నారు. మర్యాదకేం లోటు లేదు గానీ, మాటామంతీ ఏదీ?

ఆ మాటామంతీ అంతకు ముందే, ఆశ్రమవాస పర్వంలో జరిగిపోయింది. విరాటపర్వం మొదలు చివరిదాకా 15 పర్వాలు తెనిగించిన తిక్కన సోమయాజి వెంట యుద్ధం వరకు నడిచిన పాఠకులు కూడా చాలామంది ఇక్కడిదాకా రారు. యుద్ధమై పదహారేళ్లు. అడవిలో ఉన్న గాంధారి, కొడుకుల కోసం కుమిలిపోతున్న భర్త సంగతి వ్యాసుడితో చెప్పుకుంది. కుంతి కర్ణుడి కథంతా విప్పి, నా బిడ్డనొక్కసారి చూపించమంది. ఆ రాత్రి వ్యాసుడు గంగలో దిగి పిలిచాడు. నీళ్లలోంచి పెద్ద కోలాహలం. భీష్ముడు, ద్రోణుడు, కర్ణుడు, అభిమన్యుడు, ఘటోత్కచుడు, దుర్యోధనుడు, దుశ్శాసనుడు – అందరూ లేచి వచ్చారు. ఒక్కరి మొహంలోనూ పగ లేదు. బతికుండగా అన్నా అని పిలవలేకపోయిన కర్ణుణ్ణి పాండవులు చేరుకున్నారు. ధృతరాష్ట్రుడు కన్నకొడుకుల ముఖాలు మొదటిసారి చూసింది, వాళ్లు పోయిన పదహారేళ్లకి!

నా దృష్టిలో భారతంలో వీరుల కలయిక ఇదే. స్వర్గం దేవతలు ఏర్పాటు చేసింది. ఈ రాత్రి ఇద్దరు ముసలి తల్లులు అడిగి పుచ్చుకున్నది. అందుకే దీనికా వెచ్చదనం.

మా విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్‌లో ఈ ఘట్టాన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. అక్కడ నీళ్లంటే గంగమ్మ తల్లి. వేటకెళ్లిన మనిషి తిరిగి రాక, శవమూ దొరక్కపోతే, ఆ ఇల్లాలు బొట్టు ఉంచుకోవాలో తీసెయ్యాలో చెప్పేవాళ్లెవరు? ఏడేళ్లు కబురు లేకపోతే పోయినట్టే భావించవచ్చంటుంది చట్టం. గాంధారికి పదహారేళ్లైనా చాలలేదు.

కానీ కవితో నా పేచీ తెల్లారాక మొదలవుతుంది. వీరులు మళ్లీ గంగలో కలిసిపోయారు. భర్తల లోకాలకి వెళ్లదలచుకున్న ఆడవాళ్లు ఈ నీళ్లలో దిగవచ్చన్నాడు వ్యాసుడు. దిగారు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆయన బలవంతపెట్టలేదు. కానీ పదహారేళ్లు ఏ అంతఃపుర మూలనో వెళ్లదీసినవాళ్లకి ఇంకో దారేదైనా చూపించాడా? వాళ్లలో ఒక్కర్తి చేతనైనా "నేను రాను, నాకు బతకాలనుంది" అనిపించి ఉంటే! పగవాళ్లని కలపగలిగిన ఊహకి, ఆ పగవల్ల మిగిలిపోయిన ఆడవాళ్లని బతికించడం తోచలేదు.

హార్బర్‌లో ఆ దారి కనిపిస్తుంది. తెల్లవారుజామున చేపలు కుప్పలు పోసి పాట పెడుతుంటే, గంప పక్కన పెట్టుకుని, ధర దగ్గర గొంతు చించుకునే ఆడవాళ్లలో మొగుణ్ణి సముద్రానికిచ్చినవాళ్లూ ఉంటారు. వాళ్లు నీళ్లలోకి దిగలేదు. నీళ్లిచ్చిన చేపని తలకెత్తుకుని ఊళ్లోకి నడిచారు.

అయినా ఆశ్రమవాస పర్వం చదవండి. స్వర్గారోహణం కంటే ముందు చదవండి. పగ పోవడానికి ప్రాణం పోవాలా అని ఆ వీరుల్ని అడగాలనిపిస్తుంది. పోయినవాళ్లని పిలిచిన వ్యాసుడు, ఉన్నవాళ్లనెందుకు ఆపలేదని ఆయన్నీ అడగాలనిపిస్తుంది.