ఎడమ నుంచి కుడికి

2021 జూన్ 4న శ్రీకాకుళంలో కథకుడు కాళీపట్నం రామారావు, అందరి కారా మాస్టారు, కన్నుమూశారు. కరోనా రెండో దఫా ఉధృతి ఇంకా తగ్గని రోజులవి. ఆంధ్రప్రదేశ్‌లో మధ్యాహ్నం నుంచే కర్ఫ్యూ. మామూలు రోజులైతే రాత్రికి రాత్రి రైలెక్కి శ్రీకాకుళం చేరుకునే కథకులు ఎక్కడివాళ్లు అక్కడే ఆగిపోయారు. చేయగలిగింది ఒక్కటే మిగిలింది: కారా మాస్టారితో తమకున్న ఫోటో వెతికి తీసి, తోటివాళ్లకు పంపడం.

తెలుగు కథలను దాచడానికి ఆయన పెట్టిన కథానిలయంలో బీరువాల ముందు నిలబడి తీయించుకున్నవి. ఫిబ్రవరిలో జరిగే కథానిలయం వార్షికోత్సవాల్లో, సభ అయిపోయాక, కుర్చీలు అటూ ఇటూ జరిపి తీసుకున్నవి. మొదటి కథాసంపుటి మాస్టారి చేతిలో పెట్టి, ఆయన అట్ట తిప్పి చూస్తుంటే పక్కవాడు ఫోన్లో పట్టేసినవి. ‘నాతో కూడా ఇంత తీరిగ్గా మాట్లాడారు’ అని చెప్పుకోవడానికి పనికొచ్చే ఫోటోలు. అందులో తప్పేమీ లేదు. తెలుగు కథకుల్లో సగానికి సగం మంది తాము మాస్టారికి దగ్గరవాళ్లమనే అనుకునేవారు, ఆయన అలా అనుకోనిచ్చారు కూడా.

అయితే ఆ ఫోటోలన్నీ వరసగా పెట్టి చూస్తే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అన్నింట్లోనూ ఆయన ముసలాయనే. నెరిసిన జుట్టు, కళ్లద్దాలు, చిక్కిన ఒళ్లు, తాతగారి నవ్వు. 1924 నవంబర్ 9న పుట్టిన మనిషి 1997 ఫిబ్రవరి 22న కథానిలయం తలుపులు తెరిచేనాటికే డెబ్బై దాటారు. జనం చేతుల్లోకి కెమెరా ఉన్న ఫోన్లు వచ్చేసరికి ఎనభై దాటారు. కెమెరాలు పెరిగిన కాలమూ ఆయన వయసు పెరిగిన కాలమూ ఒకటే కావడంతో వచ్చిన చిక్కిది.

‘యజ్ఞం’ కథ రాసింది ఈ తాతగారు కాదు. నలభైకి అటూ ఇటూ ఉన్న ఒక బడిపంతులు. విశాఖపట్నంలో సెయింట్ ఆంథోనీ హైస్కూల్లో 1948 నుంచి 1979 దాకా పాఠాలు చెప్పిన మాస్టారు. హింస, ఆర్తి, చావు, జీవధార, కుట్ర వంటి పదునైన కథలు ఆ కాలంలోవే, ఆ జీతం మీద సంసారం ఈదుతూ రాసినవే. సుందరపాలెంలో అప్పు పంచాయితీ పెట్టి, ఊరు ఊరంతా బాగుపడుతున్నట్టు కనిపిస్తుండగా అప్పల్రాముడి కుటుంబం ఎలా మునిగిపోయిందో లెక్కగట్టి చూపించిన ఆ మనిషి ముఖం ఎలా ఉండేది? కోపం ఎక్కడ కనబడేది? ఫోన్లో తిరిగే ఫోటోలు ఇందుకు జవాబు చెప్పవు. వాటిని మాత్రమే చూసి పెరిగే పాఠకుడికి ‘యజ్ఞం’ చివర్లో సీతారాముడు చేసే పని ఒక ప్రశాంత వృద్ధుడి ఊహలా అనిపిస్తే ఆశ్చర్యం లేదు.

అప్పట్లో ఫోటో అంటే ఖర్చు. బాక్సు కెమెరాలో వేసే 120 రీలుకు చదరపు బొమ్మలైతే పన్నెండు వచ్చేవి. 1967 నుంచి ఊటీ ఫ్యాక్టరీలో మన దేశపు ‘ఇందు’ ఫిల్ము తయారైనా, రీలు కొని, కడిగించి, ప్రింట్లు వేయించడం బడిపంతులుకీ పత్రికల్లో రాసుకునేవాడికీ అంత తేలిక కాదు. సాహిత్య సభ జరిగితే స్టూడియో నుంచి ఒకాయన వచ్చి, ఉపన్యాసానికొకటి చొప్పున తీసి, ఆఖర్న అందర్నీ నిలబెట్టి ఇంకొకటి కొట్టేవాడు. కాపీ కావాల్సినవాళ్లు డబ్బులిచ్చి పేరు రాయించుకోవాలి. చాలామంది రాయించుకునేవారు కాదు. అందుకే కథకులు రావిశాస్త్రి, చాసో, కారా కలిసి మెలిసి తిరిగిన ఉత్తరాంధ్ర సాహిత్య జీవితం మనకు ఎక్కువగా మాటల్లో మిగిలింది, బొమ్మల్లో తక్కువ. రావిశాస్త్రి 1993లో, చాసో 1994లో వెళ్లిపోయారు. పాత ఫోటోలో మూడో వరసలో నిలబడ్డ సన్నటి మనిషి ఎవరో చెప్పగలిగిన వాళ్లు ఏటా తగ్గిపోతున్నారు.

ఉన్న ఫోటోలనైనా సరిగా దాస్తున్నామా అంటే అదీ లేదు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో చిక్కిపోయి చేరుతుంది. పంపేటప్పుడు దాని కొలతలు కుదించుకుపోతాయి, ఏ రోజు ఏ కెమెరాతో తీశారన్న వివరం ఊడిపోతుంది. అందుకున్నవాడి ఫోన్ దాని మీద తనకు చేరిన తేదీ వేసుకుంటుంది. 2009లో తీసిన ఫోటో 2021 జూన్‌ది అయిపోతుంది. దాన్ని మరొకరు స్క్రీన్‌షాట్ తీసి పంపితే పక్కనున్న మనిషి భుజం సగం తెగిపోతుంది. 2024లో మాస్టారి శతజయంతికి అవే ఫోటోలు మళ్లీ తిరిగాయి, కింద ‘నివాళి’ అన్న ఒక్క మాటతో. ఎక్కడ తీసింది, ఎప్పుడు తీసింది, పక్కనున్నది ఎవరు, తీసింది ఎవరు? ఒక్కటీ లేదు.

ఈ ఒక్క విషయంలో ఆయన్ను అభిమానించేవాళ్లు ఆయన పద్ధతికి సరిగ్గా ఎదురు నడుస్తున్నారు. కథానిలయం పనే తేదీల పని. ‘యజ్ఞంతో తొమ్మిది’కి 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఆ డబ్బుతో మొదలైన ఇల్లు కథానిలయం. కథ దొరికితే చాలదు, అది ఏ పత్రికలో, ఏ సంచికలో మొదట అచ్చయిందో దొరకాలి. పుస్తకంలో ఉన్న కథ కన్నా పత్రికలో ఉన్న కథ ఆయనకు ఎక్కువ విలువైంది, ఎందుకంటే దాని మీద తేదీ ఉంటుంది. రచయితలకు ఉత్తరాలు రాశారు, రాసినవాటి జాబితా పంపమన్నారు, పంపనివాళ్లకు మళ్లీ రాశారు. లెక్కలు చెప్పిన మాస్టారికి జవాబు ఒక్కటే చాలదు కదా, అది ఎలా వచ్చిందో కూడా కావాలి.

తేదీ ఎంత పని చేస్తుందో తెలుగు కథ చరిత్రే చెబుతుంది. 1910లో వచ్చిన గురజాడ ‘దిద్దుబాటు’నే మొదటి కథగా చాలాకాలం లెక్కించారు. భండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ 1902లోనే ‘హిందూ సుందరి’లో అచ్చయిందని వెలికి వచ్చాక ఆ లెక్క కదిలింది. పాత పత్రిక ఒకటి దొరికితే, దాని మీద నెలా సంవత్సరమూ ఉంటే, కథ పుట్టుక ఎనిమిదేళ్లు వెనక్కి జరిగి ఒక స్త్రీ పేరు ముందుకొచ్చింది. ఫోటోల విషయంలోనూ ఇలాంటివి జరగవచ్చు. ఎవరు ఎవరిని ఎప్పుడు కలిశారు, ఏ సభకు ఎవరు రాలేదు, ఎవరు రెండో వరసలోంచి మొదటి వరసకొచ్చారు, ఇవన్నీ గ్రూపు ఫోటో చెప్పగల సంగతులు. పాత గ్రూపు ఫోటోల్లో ఆడవాళ్లు ఒకరిద్దరే కనబడటం కూడా ఒక సంగతే. ఆ ఒకరిద్దరి పేర్లే అందరికన్నా ముందు మరిచిపోవడం ఇంకో సంగతి.

కథానిలయం గోడల మీద కథకుల ఫోటోలున్నాయి. పెద్దవాళ్లవీ, ఒకటి రెండు మంచి కథలతో ఆగిపోయినవాళ్లవీ పక్కపక్కనే ఉంటాయి. అక్కడ ఫోటోకు పేరుంటుంది. తన బీరువాలో దాచుకున్న కథ ఎవరిదో, ఆ మనిషి ఎలా ఉండేవాడో కలిపి చూపించాలన్న పట్టుదల అందులో కనిపిస్తుంది. ఆ పద్ధతిని మాస్టారి సొంత ఫోటోలకు వర్తింపజేయడం పెద్ద కష్టమేమీ కాదు. పంపేటప్పుడు ఫోటోగా కాక డాక్యుమెంటుగా పంపితే అసలు ఫైలు చెక్కుచెదరకుండా వెళుతుంది. కాగితం ప్రింటయితే స్కాన్ చేసేటప్పుడు వెనక వైపు కూడా స్కాన్ చేయాలి, పెన్సిలు రాతలూ స్టూడియో ముద్రలూ అక్కడే ఉంటాయి. ఎనభైల నాటి రంగు ప్రింట్లకు తొందర ఎక్కువ. నలుపు తెలుపు బొమ్మ వెండితో నిలబడుతుంది, రంగు బొమ్మ అద్దకాలతో. ఆ అద్దకాలు ఇప్పటికే వెలిసి ముఖాలు ఎర్రబారుతున్నాయి.

ఇక నలభై ఏళ్ల కారా ఎక్కడ దొరుకుతారంటే, వెతకాల్సిన చోటు కథకుల ఇళ్లు కాకపోవచ్చు. బళ్లలో ఏడాది చివర తరగతి ఫోటో తీసి అట్టకు అంటించి ఇచ్చేవారు. మాస్టర్లు కుర్చీల్లో, పిల్లలు వెనక బెంచీల మీద, చిన్నవాళ్లు నేల మీద. సాహిత్య సభల ఫోటోలకు లేని వసతి వాటికి ఉండేది. కింద పేర్లు అచ్చువేసేవారు, కూర్చున్నవారు ఎడమ నుంచి కుడికి, నిలబడినవారు ఎడమ నుంచి కుడికి, తరగతి, సంవత్సరం. సెయింట్ ఆంథోనీలో 1979లోపు చదివిన పిల్లల్లో ఎక్కువమంది ఇప్పుడు అరవై దాటినవాళ్లు. వాళ్లలో చాలామందికి తమ మాస్టారు కథలు రాస్తారని అప్పట్లో తెలిసి ఉండదు. విశాఖలోనో, హైదరాబాద్‌లోనో, పిల్లల దగ్గరికి వెళ్లి అమెరికాలోనో ఉన్న ఆ పాత విద్యార్థుల ట్రంకు పెట్టెల్లో అలాంటి అట్ట ఒకటి ఉంటే, కథానిలయానికి చేరాల్సిన ఫోటో అదే.