పసుపుపచ్చ మేజోళ్ల దివాన్జీ

1602 ఫిబ్రవరి 2న లండన్‌లోని మిడిల్ టెంపుల్‌లో, న్యాయవిద్యార్థుల పండగ విందు సందర్భంగా, ఒక నాటకం ఆడారు. చూసినవాళ్లలో జాన్ మానింగ్‌హామ్ అనే విద్యార్థి ఆ సంగతి డైరీలో రాసుకున్నాడు. షేక్‌స్పియర్ ‘ట్వెల్ఫ్త్ నైట్’ ప్రదర్శన గురించి మనకు దొరికే మొదటి ప్రస్తావన అదే. అందులోని కవలలు, మారువేషాలు, ప్రేమలు అతన్ని పెద్దగా కదిలించినట్టు లేదు. ‘కామెడీ ఆఫ్ ఎర్రర్స్’ బాపతేననీ, ప్లాటస్ లాటిన్ నాటకానికీ ఒక ఇటాలియన్ నాటకానికీ దగ్గరగా ఉందనీ తేల్చేశాడు. అతనికి బాగా నచ్చిందల్లా యజమానురాలు తనను ప్రేమిస్తోందని దొంగ ఉత్తరంతో దివాన్జీని నమ్మించిన ఘట్టం. ఆ యజమానురాలు వితంతువని కూడా రాశాడు. నిజానికి ఆమె నల్లబట్టలు వేసుకున్నది తోడబుట్టినవాడు పోయినందుకు. అంతగా నవ్వినవాడికి ఆమాత్రం మరుపు సహజమే.

మానింగ్‌హామ్‌కు గుర్తొచ్చిన ‘కామెడీ ఆఫ్ ఎర్రర్స్’నే కందుకూరి వీరేశలింగం ‘చమత్కార రత్నావళి’గా మలిచారు. కాబట్టి కవలల తికమక తెలుగు రంగస్థలానికీ పాత చుట్టమే.

కథ చెప్పడానికి తేలిక. ఓడ మునిగి ఇల్లీరియా తీరానికి చేరిన వయోలా మగవేషం వేసుకుని, సెజారియో పేరుతో ఆర్సినో ప్రభువు కొలువులో చేరుతుంది. ఆర్సినో ఒలీవియా కోసం నిట్టూరుస్తూ సెజారియోను రాయబారం పంపుతాడు. ఒలీవియా ప్రభువును కాదని రాయబారి మీద మనసు పడుతుంది. వయోలా మనసేమో ప్రభువు మీద. చనిపోయాడనుకున్న కవల సోదరుడు సెబాస్టియన్ ఊళ్లో అడుగుపెట్టేదాకా ఈ ముడి విడదు. ఇందులో చాలా భాగం షేక్‌స్పియర్ సొంతం కాదు. 1581లో బార్నబీ రిచ్ అచ్చువేసిన కథల్లో ఉంది, అంతకుముందు సియెనాలో ఆడిన ఇటాలియన్ నాటకంలోనూ ఉంది. వాటిలో లేనివాళ్లలో ముఖ్యుడు ఒలీవియా ఇంటి దివాన్జీ మాల్వోలియో. నాటకం బలమంతా ఈ కొత్తగా వచ్చినవాడి దగ్గరే ఉంది.

హాస్యం పుట్టించడానికి షేక్‌స్పియర్ వాడిన కిటుకు పైకి చిన్నదే. రంగం మీద ఉన్న ప్రతివాడికన్నా ప్రేక్షకుడికి ఒక సంగతి ఎక్కువ తెలిసి ఉండాలి. సెజారియో ఆడపిల్ల అని మనకు రెండో రంగంలోనే తెలుసు, ఆర్సినోకు అయిదో అంకం దాకా తెలియదు. ఆమె తన తండ్రికి ఒక కూతురుండేదనీ, ప్రేమను పైకి చెప్పుకోలేక కుమిలిపోయిందనీ ఆర్సినోతో అంటుంటే అతను ఏదో కథ వింటున్నాడు, మనం ఆమె మనసు వింటున్నాం. ఆనాటి రంగస్థలంలో ఆడవేషాలు వేసింది కుర్రాళ్లే. అంటే అబ్బాయి అమ్మాయి అవుతాడు, ఆ అమ్మాయి మళ్లీ అబ్బాయి అవుతుంది, ఆ ‘అబ్బాయి’ని ప్రేమించే ఒలీవియా కూడా వేషం కట్టిన కుర్రాడే. 2002లో, నాలుగు వందల ఏళ్ల తర్వాత, లండన్ గ్లోబ్ నాటకశాల బృందం అదే మిడిల్ టెంపుల్ హాల్లో అందరూ మగవాళ్లతోనే ఈ నాటకం ఆడింది. ఒలీవియాగా మార్క్ రైలాన్స్ వేశాడు.

ఇంకో విశేషం చదివేవాళ్లకన్నా చూసేవాళ్లకే బాగా అందుతుంది. చివరి అంకంలో సోదరుడు పిలిచేదాకా వయోలా పేరు ఎవరి నోటా రాదు. అచ్చు పుస్తకంలో ప్రతి పేజీలోనూ కనిపించే ఆ పేరును నాటకశాలలో కూర్చున్నవాడు మొదటిసారి వినేది అప్పుడే.

మాటల పోకడలోనూ ఇలాంటి చాతుర్యం కనిపిస్తుంది. ఒలీవియా, సెజారియో మొదటిసారి కలిసినప్పుడు సంభాషణ వచనంలో, ఎత్తిపొడుపుల్లో నడుస్తుంది. ఆమె ముసుగు తీశాక సెజారియో పద్యంలోకి మారుతుంది, కాసేపటికి ఒలీవియా కూడా. ప్రేమలో పడ్డానని ఆమె ఇంకా తనతో తాను కూడా చెప్పుకోలేదు. అప్పటికే ఆమె మాటకు లయ వచ్చేసింది.

ఇక మాల్వోలియో. అర్ధరాత్రి తాగి పాటలు పాడుతున్న సర్ టోబీని మందలించడమే అతని నేరం. ఇంటి పెత్తనం చూసేవాడు చేయవలసిన పనే అది. టోబీ ఒలీవియాకు చుట్టం, ఇంట్లో తిని కూర్చునేవాడు. ఏడాదికి మూడు వేల డకట్ల రాబడి ఉన్న అమాయకుడు సర్ ఆండ్రూకు ఒలీవియాతో పెళ్లి ఆశ చూపి అతని డబ్బు ఊడ్చేస్తుంటాడు. అయినా మనం టోబీ పక్షమే. అతను నవ్విస్తాడు, మాల్వోలియో నవ్వు ఆపమంటాడు. పరిచారిక మరియా ఒకచోట అతన్ని ప్యూరిటన్ లాంటివాడని అని, వెంటనే ఆ మాట సవరించుకుంటుంది. నాటకాలంటే గిట్టని ఆ వర్గం 1642లో లండన్ నాటకశాలలు మూయించిన పార్లమెంటులో బలంగా ఉందని గుర్తుంచుకుంటే ఈ చురక లోతు తెలుస్తుంది.

తోటలో ఉత్తరం దొరికే రంగం హాస్యరచనకు పాఠం లాంటిది. సరదా ఏమిటంటే, ఉత్తరం కంట పడకముందే అతను మోసపోయి ఉన్నాడు. ఒలీవియాతో తన పెళ్లయి మూడు నెలలైనట్టు, మఖ్మల్ అంగీ తొడుక్కుని టోబీని పిలిపించి తాగుడు మానమని బుద్ధి చెబుతున్నట్టు పగటికలలు కంటూ వస్తాడు. పొద మాటున నక్కిన టోబీ పళ్లు నూరుతుంటాడు. ఉత్తరంలో ఎం, ఓ, ఎ, ఐ అనే నాలుగు అక్షరాలు ఉంటాయి. అన్నీ తన పేరులోనివే, వరుస మాత్రం కుదరదు. కాస్త వంచితే తనకే సరిపోతుందని సర్దిచెప్పుకుంటాడు. పసుపుపచ్చ మేజోళ్లు తొడుక్కుని, అడ్డపట్టీలు కట్టుకుని, ఎప్పుడూ నవ్వుతూ ఉండమని ఉత్తరం చెబుతుంది. ఒలీవియాకు ఆ రంగు అసహ్యం. పైగా దుఃఖంలో ఉన్న మనిషి ముందు ఆ నవ్వు! పిచ్చిపట్టిందని ఆమె అనుకోక ఏం చేస్తుంది? అయినా అతన్ని జాగ్రత్తగా చూడమంటుంది, తన కట్నంలో సగం పోయినా అతనికి కీడు జరగకూడదంటుంది. ఆ ఇంట్లో అతని విలువ తెలిసింది ఆమెకొక్కదానికే.

అతన్ని చీకటిగదిలో బంధిస్తారు. విదూషకుడు ఫెస్టే గడ్డం, అంగీ తగిలించుకుని సర్ టోపాస్ అనే మతగురువుగా పరీక్షించడానికి వస్తాడు. లోపలివాడికి నువ్వు కనబడవు, ఈ వేషం దేనికని మరియానే అంటుంది. నిజమే, ఆ వేషం మాల్వోలియో కోసం కాదు, మన కోసం. లోపలి మనిషి అడిగినవాటికి తెలివిగా జవాబిస్తాడు. దీపం, కలం, సిరా, కాగితం ఇప్పించమని బతిమాలుకుంటాడు. ఆట శ్రుతి మించిందని టోబీకి కూడా భయం పట్టుకుంటుంది. తోటలో పొద వెనక టోబీతో కలిసి నవ్విన ప్రేక్షకుడికి ఇక్కడ నవ్వాలో వద్దో తేలదు. షేక్‌స్పియర్ కోరుకున్న ఇబ్బంది అదేననిపిస్తుంది.

ఫెస్టే పాత్రను విల్ కెంప్ తర్వాత షేక్‌స్పియర్ బృందానికి విదూషకుడైన రాబర్ట్ ఆర్మిన్ కోసం రాశారని పరిశోధకుల మాట. ఆర్మిన్ గాయకుడు కూడా, అందుకే నాటకంలో ఇన్ని పాటలు. అతుల్ కుమార్ బృందం 2012లో లండన్ గ్లోబ్‌లో హిందీలో ఆడిన ‘పియా బహరూపియా’ ఈ పాటల దారినే పట్టి, నౌటంకీ ఫక్కీలో నాటకాన్నంతా సంగీతమయం చేసింది.

చివరికి జంటలు కుదురుతాయి. సెబాస్టియన్‌ను ప్రాణంగా చూసుకున్న ఆంటోనియో మాత్రం ఒంటరిగానే మిగిలిపోతాడు. నాటకమంతా వచనంలో మాట్లాడిన మాల్వోలియో, ఒలీవియా ముందు తన మొర చెప్పుకునేటప్పుడు పద్యంలో మాట్లాడతాడు. అందరి మీదా పగ తీర్చుకుంటానని వెళ్లిపోతాడు. 1623లో రాజసభలో ఆడినప్పుడు ఈ నాటకం పేరే ‘మాల్వోలియో’. మొదటి చార్లెస్ రాజు తన షేక్‌స్పియర్ నాటకాల పుస్తకంలో నాటకం పేరు పక్కన ఇదే పేరు రాసుకున్నాడు.

మాల్వోలియో కోపం వెనక ఇంకో చిక్కు కూడా ఉంది. వయోలా ఆడబట్టలు ఆమెను ఒడ్డుకు చేర్చిన ఓడ కెప్టెన్ దగ్గరున్నాయి. ఆ కెప్టెన్ జైల్లో ఉన్నాడు. వేయించినవాడు మాల్వోలియో. అతన్ని ఎలాగైనా బుజ్జగించి తీసుకురమ్మని ఆర్సినో మనుషులను పంపుతాడు. అతను వచ్చాడో లేదో నాటకం చెప్పదు. పెళ్లి నిశ్చయమైన నాయిక చివరిదాకా మగబట్టల్లోనే ఉంటుంది.