హారం రాయని కేస్ స్టడీ

చర్ల, దుమ్ముగూడెం మండలాల్లో అడవి అంచున ఉన్న గూడెంలో ఎవరికైనా చలిజ్వరం వస్తే ముందుగా వచ్చి చూసేది ఆశా కార్యకర్త. ఆమె సంచిలోని పరికరం అరచేతిలో ఇమిడిపోతుంది. వేలికొన మీద సూదితో గుచ్చి, ఒక్క రక్తపు బొట్టు తీసి, ప్లాస్టిక్ డబ్బీలో ఉన్న పట్టీ మీద వేస్తారు. దానికి మందునీటి చుక్కలు కలిపి పావుగంటో ఇరవై నిమిషాలో ఆగుతారు. కంట్రోల్ గీత ఒక్కటే వస్తే మలేరియా లేదని అర్థం. దాని పక్కన ఫాల్సిపారం గీత గానీ వైవాక్స్ గీత గానీ తేలితే ఉన్నట్టు. అసలు కంట్రోల్ గీతే రాకపోతే ఆ పరీక్ష చెల్లదు, కొత్త కిట్టు విప్పాలి. ల్యాబ్ అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. వాగు పొంగినప్పుడు రోగిని మోసుకుంటూ భద్రాచలం దాకా రావలసిన అవసరం లేకుండా చేసిన పరికరం ఇది. 2018 జనవరి 1న అమల్లోకి వచ్చిన వైద్య పరికరాల నిబంధనలు ఇలాంటి రక్తపరీక్ష కిట్లను కూడా వైద్య పరికరాలుగానే లెక్కిస్తాయి.

పరికరం ఉన్నచోట దాని గురించి రాసేవాళ్లూ ఉంటారు. తయారుచేసిన కంపెనీ రాస్తుంది, స్వచ్ఛంద సంస్థ రాస్తుంది, పీజీ చేస్తున్న డాక్టరు రాస్తాడు. వాటిలో తరచుగా కనిపించే వాక్యం ఇలా ఉంటుంది: ఈ కిట్టు ఫలానా మండలంలో 19 మంది మలేరియా రోగులను గుర్తించింది. చదవగానే మంచి పని జరిగిందనే అనిపిస్తుంది. కానీ ఎంతమందిని పరీక్షిస్తే 19 మంది దొరికారు? మొత్తం ఎంతమందికి గీత వచ్చింది? వారిలో ఎంతమందికి మైక్రోస్కోపు కింద చూసే రక్తపు స్లయిడ్ మీద కూడా మలేరియా తేలింది? గీత రాకుండా తప్పించుకున్నవాళ్లు ఎందరు? లవం రాసి హారం వదిలేసిన భిన్నాన్ని ఐదో తరగతి మాస్టారు కూడా ఒప్పుకోడు. అచ్చయిన కేస్ స్టడీల్లో మాత్రం అది నిత్యం చెల్లుబాటవుతోంది. మంచి కేస్ స్టడీ రాయడం, లెక్కలు బాగా చదవడం వేర్వేరు విద్యలు కావని ఈ కాలమ్ గట్టిగా నమ్ముతుంది.

దీనికి అన్నిటికన్నా గొప్ప సాక్ష్యం తెలుగునేల మీదే ఉంది. 1897 ఆగస్టులో సికింద్రాబాద్ బేగంపేటలో రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమలతో కుట్టించాడు. కుట్టిన దోమకు ఒక అణా చొప్పున అతనికి ఇచ్చాడు. ఆగస్టు 20న ఆ దోమల్లో ఒకదాన్ని కోసి మైక్రోస్కోపు కింద పెడితే కడుపు గోడలో అంతకుముందు ఎన్నడూ చూడని కణాలు కనిపించాయి. వాటిలో మలేరియా పరాన్నజీవికి ఉండే నల్లని రంగు రేణువులు ఉన్నాయి. మర్నాడు ఇంకో దోమను కోశాడు. అవే కణాలు, ఈసారి మరికాస్త పెద్దవిగా ఉన్నాయి. ఆ ఏడాది డిసెంబరు 18న బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఆయన రిపోర్టు వెలువడింది. మలేరియా రక్తం తాగిన రెండు దోమల్లో కనిపించిన వింత రంగుకణాల గురించి అన్నది దాని శీర్షిక సారాంశం. రెండు దోమలు అనే సంఖ్య శీర్షికలోనే ఉంది. మలేరియా రహస్యం ఛేదించానని అక్కడ రాయలేదు. చూసినది ఏమిటో, ఎన్నిటిలో చూశాడో రాశాడు. మిగతాది తర్వాత కలకత్తాలో పక్షుల మలేరియా మీద పనిచేసి 1898లో తేల్చాడు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. రెండే దోమలున్న ఆ రిపోర్టు ఇప్పటికీ నిలబడిందంటే దానికి కారణం ఆ నిజాయితీయే.

రాస్‌కు లెక్కల పిచ్చి ఉండేదని ఈ ప్రాంతంలో చాలామందికి తెలియదు. బడిలో లెక్కలకు బహుమతిగా వచ్చిన ఖగోళశాస్త్ర పుస్తకం ఆయనకు ఆ ఇష్టం పుట్టించింది. భారతదేశంలో ఉద్యోగం చేస్తూనే గణితం సొంతంగా చదువుకున్నాడు. తర్వాత మలేరియా వ్యాప్తికి సమీకరణాలు రాసినప్పుడు ఆ చదువే అక్కరకొచ్చింది. ఆయన లెక్క వేసిన తీరు చూడండి. దోమల్లో స్థూలంగా నాలుగింట ఒకటే మనిషిని కుట్టగలుగుతుంది. అలా కుట్టినవాటిలో పరాన్నజీవి పక్వానికి వచ్చేదాకా బతికేవి మూడింట ఒకటి. అలా బతికినవాటిలో మళ్లీ మనిషిని కుట్టేవి నాలుగింట ఒకటి. మూడు భిన్నాలనూ గుణిస్తే నలభై ఎనిమిదింట ఒకటి. అంటే ప్రతి దోమా ప్రమాదం కాదు, దోమల సంఖ్య ఒక హద్దు దిగువకు తగ్గితే చాలు, ఆఖరి దోమ దాకా చంపకపోయినా మలేరియా దానంతటదే తగ్గిపోతుంది. ఊరి చుట్టూ నీటిగుంటలు పూడ్పించే పనికి ఆ రోజుల్లో బలమైన వాదన దొరికింది ఈ గుణకారం లోంచే. అందులో ఉన్నవి మూడు భిన్నాలు మాత్రమే.

మళ్లీ మన కిట్టు దగ్గరకొద్దాం. లెక్క సులువు కోసం కొన్ని అంకెలు అనుకుందాం, ఇవి ఏ కంపెనీ కిట్టువీ కావు. మలేరియా ఉన్న 100 మందిలో 95 మందికి గీత వస్తుంది. లేని 100 మందిలో 95 మందికి రాదు, ఐదుగురికి తప్పుగా వస్తుంది. వానాకాలంలో అడవి గూడేల్లో 1000 మంది జ్వరపీడితులను పరీక్షించారు. వారిలో నిజంగా మలేరియా ఉన్నవారు 200 మంది. కిట్టు 190 మందిని పట్టుకుంది, పదిమందిని వదిలేసింది. మలేరియా లేని 800 మందిలో 40 మందికి తప్పుగా గీత చూపింది. మొత్తం గీతలు 230, వాటిలో నిజమైనవి 190, అంటే నూటికి 83.

అదే కిట్టును ఎండాకాలంలో ఖమ్మం పట్నానికి తీసుకెళ్లారు. 1000 మంది జ్వరపీడితుల్లో మలేరియా ఉన్నవారు 20 మందే అనుకుందాం. కిట్టు 19 మందిని పట్టుకుంది. లేని 980 మందిలో 49 మందికి తప్పు గీత వచ్చింది. మొత్తం గీతలు 68, నిజమైనవి 19, నూటికి 28. కిట్టు మారలేదు, చేసేవాళ్ల చెయ్యి మారలేదు. మారింది జనంలో ఆ జబ్బు ఉన్న పాలు. ఇందాకటి వాక్యంలోని 19 మంది వెనక 49 మంది నిలబడి ఉన్నారు. వాళ్లకు మలేరియా మాత్రలు ఇచ్చి, అసలు జ్వరం డెంగీయో టైఫాయిడో వెతకకుండా ఇంటికి పంపేసే ప్రమాదం ఉంది. ఎక్కడ, ఏ కాలంలో, ఎవరి మీద పరీక్షించారో రాయని కేస్ స్టడీ వల్ల నష్టపోయేది వాళ్లే.

ఈ లెక్క ఎక్కడిదో కాదు, ఇంటర్ రెండో ఏడాది గణితం టూ-ఏలో సంభావ్యత అధ్యాయంలో ఉన్న బేయ్స్ సిద్ధాంతమే. ఇంగ్లండు మతగురువు థామస్ బేయ్స్ చనిపోయిన రెండేళ్లకు, 1763లో, అచ్చయిన వ్యాసంలో దాని మూలం ఉంది. మన పిల్లలు దీన్ని పెట్టెలు, బంతులు, రంగులతో చదువుతారు. ఫార్ములా బట్టీ పడతారు, పరీక్షలో మార్కులు తెచ్చుకుంటారు. పదేళ్లకు వాళ్లలో కొందరు డాక్టర్లై పరీక్ష కాగితం చేతిలోకి తీసుకునేసరికి అది గుర్తుండదు. ఇది మన దగ్గరి లోపం మాత్రమే కాదు. 1978లో అమెరికాలో హార్వర్డ్ వైద్య కళాశాలకు చెందిన 60 మంది డాక్టర్లను, విద్యార్థులను ఇలాంటి ప్రశ్నే అడిగారు. వెయ్యిమందిలో ఒకరికి ఉండే జబ్బు, నూటికి ఐదు తప్పు పాజిటివ్‌లు ఇచ్చే పరీక్ష. పాజిటివ్ వచ్చిన మనిషికి ఆ జబ్బు ఉండే అవకాశం ఎంత? సరైన జవాబు నూటికి రెండు. అది చెప్పినవాళ్లు 11 మంది. అన్నిటికన్నా ఎక్కువగా వినిపించిన జవాబు 95. తర్వాత జర్మనీకి చెందిన గెర్డ్ గిగెరెంజర్, ఉల్‌రిష్ హోఫ్రాగె ఈ చిక్కును పరిశీలించి 1995లో ఒక సంగతి చూపించారు. శాతాలు పక్కనపెట్టి, వెయ్యిమందిలో ఇంతమంది అని మనుషుల లెక్కలో చెబితే అవే ప్రశ్నలకు చాలా ఎక్కువమంది సరైన జవాబు చెబుతారు. పైన వానాకాలం, ఎండాకాలం లెక్క ఆ పద్ధతిలో వేసిందే. లెక్కలు చదివే పిల్లలకు ఇంతకన్నా పనికొచ్చే కిటుకు దొరకడం కష్టం. ఫార్ములాలో అక్షరాలు కనబడగానే ముందు వెయ్యిమంది మనుషులను కాగితం మీద నిలబెట్టాలి. ఫార్ములా ఆ తర్వాత తానే గుర్తొస్తుంది.

అంకెలు సరిగా ఉన్నంత మాత్రాన కేస్ స్టడీ పూర్తికాదు, అవి పుట్టిన పరిస్థితి కూడా అందులో ఉండాలి. భద్రాచలం, కొత్తగూడెం వైపు మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటడం మామూలే. కిట్టు పెట్టె మీద ఇంత వేడికి మించి దాచవద్దని అచ్చేసి ఉంటుంది. చాలా కిట్లకు ఆ హద్దు 30, లేదా 40 డిగ్రీలు. రేకుల షెడ్డులో నెల రోజులున్న కిట్టు గీత చూపకపోతే తప్పు కిట్టుదా, షెడ్డుదా? దాచిన చోటు, లాట్ నంబరు, గడువు తేదీ రాసి ఉంటేనే ఆ సంగతి తేలుతుంది. గీత ఎన్ని నిమిషాలకు చూశారన్నదీ అంతే ముఖ్యం. పని హడావిడిలో గంట తర్వాత చూస్తే లేని గీత తేలవచ్చు. ఇంకో చిక్కుంది. ఫాల్సిపారం గీత తేల్చేది హెచ్‌ఆర్‌పీ2 అనే ప్రోటీన్. మందులు వాడి జబ్బు తగ్గాక కూడా అది వారాల తరబడి రక్తంలో ఉండిపోతుంది. పోయిన నెల మలేరియా వచ్చి తగ్గిన మనిషికి ఈ నెల మామూలు జ్వరం వచ్చినా గీత కనబడవచ్చు. ఈమధ్య మలేరియా వచ్చిందా అన్న ప్రశ్న కోయ భాషలో అడిగారా, తెలుగులో అడిగారా, సరిహద్దు దాటి ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన గొత్తికోయలకు అది అర్థమైందా? ఇవన్నీ రెండు వాక్యాల్లో రాయగలిగినవే. రాస్తే చదివే డాక్టరుకు ఆ గూడెం కళ్లముందు కనిపిస్తుంది.

పరికరాన్ని ఎవరి మీద పరీక్షించారన్నది ఎంత దూరం వెళుతుందో కోవిడ్ రోజుల్లో తేలింది. పల్స్ ఆక్సీమీటర్ అప్పట్లో మన పల్లెల్లో ప్రతి చేతికీ తెలిసిన వస్తువైంది. 2020 డిసెంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక చిన్న లేఖ అమెరికా ఆస్పత్రుల రికార్డులు తిరగేసింది. రీడింగ్ 92 నుంచి 96 మధ్య చూపుతున్నా నిజంగా ఆక్సిజన్ 88 కన్నా తక్కువ ఉన్నవారు నల్లజాతి రోగుల్లో నూటికి 12 మందికి దగ్గరగా ఉన్నారు. తెల్లవారిలో నూటికి నలుగురిలోపే. అందరినీ కలిపి ఒకే సగటు రాసుంటే ఈ తేడా ఎవరికీ కనబడేది కాదు. చామనఛాయ, నల్లని ఒళ్లు ఉన్న జనం మధ్య పనిచేసే మనవాళ్లు ఈ లేఖను తప్పక చదవాలి.

కేస్ స్టడీల్లో ఎక్కువగా మోసం చేసేది సున్నా. ఈ పరికరాన్ని 30 మందికి వాడాం, ఒక్క ఇబ్బందీ రాలేదు అని రాస్తారు. దాన్నిబట్టి ఇబ్బంది రేటు సున్నా అనుకోకూడదు. ఆ పరికరం నిజానికి పదింట ఒకసారి తేడా చేస్తుందనుకోండి. 30 మందికి వరసగా తేడా రాకపోయే అవకాశం 0.9ని ముప్పైసార్లు గుణిస్తే వచ్చేది, అంటే 0.042. నూటికి నాలుగుసార్లు అలా జరగవచ్చు. కాబట్టి 30 మందిలో సున్నా అంటే నిజమైన రేటు పది శాతం దాకా ఉండవచ్చని ఒప్పుకోవాలి. మూడును రోగుల సంఖ్యతో భాగిస్తే ఈ హద్దు ఇంచుమించుగా వచ్చేస్తుంది. 300 మందిలో సున్నా అయితే ఒక శాతం. కాగితం, పెన్సిలు చాలు. కంపెనీ ప్రతినిధి ఇచ్చిన రంగుల కరపత్రం చదివే ప్రతి వైద్యుడూ ఈ భాగహారం చేసుకోవాలి.

లెక్కలు ఎలా చదవాలన్న ప్రశ్నకు ఖమ్మానికి పొరుగునే జవాబుంది. గణాంకశాస్త్రంలో ప్రపంచ ప్రఖ్యాతి పొందిన సి.ఆర్. రావు తొలి బడిచదువు గూడూరు, నూజివీడు, నందిగామల్లో సాగింది. వాళ్లమ్మ లక్ష్మీకాంతమ్మ రోజూ తెల్లవారుజామున నాలుగింటికి లేపి దీపం వెలిగించేదని ఆయనే తన పుస్తకం అంకితంలో చెప్పుకున్నారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం ఎంఏ చేసి కలకత్తా వెళ్లారు. అక్కడ పాఠం చెబుతుండగా వి.ఎం. దాండేకర్ అనే విద్యార్థి ఒక ప్రశ్న వేశాడు. పెద్ద నమూనాలకు నిరూపించిన ఈ ఫలితం చిన్న నమూనాలకు కూడా నిలబడుతుందా? రావు ఆ రాత్రి కూర్చుని చేసి మర్నాడు క్లాసులో నిరూపణ చూపించారు. 1945లో అచ్చయిన ఆ ఫలితమే ఇప్పుడు క్రామెర్-రావు అసమానతగా పేరుపడింది. చేతిలో ఉన్న కొద్దిపాటి సమాచారంతో అంచనా వేస్తే ఎంత కచ్చితత్వం దాటి ఆశించకూడదో అది చెబుతుంది. 2023లో, 102 ఏళ్ల వయసులో, ఆయనకు అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి దక్కింది. ఆ అసమానత పుట్టుకకు కారణం ఒక విద్యార్థి అడిగిన ప్రశ్న, ఆ ప్రశ్నను విసుక్కోకుండా ఇంటికి తీసుకెళ్లిన మాస్టారు. ఈఏపీసెట్ కోసం రోజంతా మోడల్ పేపర్లు చేసే మన కోచింగ్ గదుల్లో అలాంటి ప్రశ్నకు రోజుకు పది నిమిషాలైనా చోటివ్వాలి.

కేస్ స్టడీల్లో హారం కనబడకపోవడం వైద్యులకు మార్గదర్శకాలు లేక కాదు. పరీక్ష పరికరాల గురించి రాసేవారి కోసం స్టార్డ్ అనే నిబంధనల పట్టిక 2003లో వచ్చింది. 2015లో సవరించిన రూపంలో 30 అంశాలున్నాయి. ఎంతమందిని తీసుకున్నారు, ఎవరిని వదిలారు, చెల్లని పరీక్షలు ఎన్ని, దేనితో పోల్చి చూశారు, అన్నీ అందులో ఉన్నాయి. వాడుతుండగా పరికరం తేడా చేస్తే చెప్పుకోవడానికి మన దేశంలో 2015 జులై నుంచి మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమం నడుస్తోంది. ఆశా కార్యకర్తకు చెల్లని పట్టీ వచ్చినప్పుడు దాన్ని పారేయకుండా లాట్ నంబరుతో సహా ఏఎన్ఎమ్‌కు చెప్పడం ఆ గొలుసులో మొదటి లంకె.

ఏజెన్సీలో పనిచేసే వైద్యులకు, భద్రాచలం, ఖమ్మం గురుకులాల్లో లెక్కలు చెప్పే మాస్టార్లకు, టీచరమ్మలకు ఒక విన్నపం. ఈ వానాకాలం పీహెచ్‌సీ జ్వరాల రిజిస్టరు లోంచి పేర్లు, ఊళ్లు తీసేసి నాలుగు అంకెలు మాత్రం తీసుకోండి: పరీక్షలు, గీతలు, స్లయిడ్ మీద తేలినవి, చెల్లనివి. వాటితో సంభావ్యత పాఠం చెప్పండి. పిల్లలు వేసిన లెక్కను తిరిగి ఆ పీహెచ్‌సీ డాక్టరుకు పంపండి. వచ్చే కేస్ స్టడీలో ఆ హారం అచ్చవ్వాలి.