పాత చింతకాయ చేసిన నేరమేమిటి?

పుస్తక సమీక్షల్లో నాకు ఒళ్ళు మండే మాట ఒకటుంది: 'పాత చింతకాయ పచ్చడి'. కథలో అత్తా కోడలూ, పండగా పుట్టిల్లూ కనిపిస్తే చాలు, సమీక్షకుడు ఈ జాడీ మూత తీస్తాడు. ఇంగ్లీషు బాగా చదివినవాడైతే 'కార్నీ' అంటాడు.

ఇంగ్లీషువాళ్ళకి కూరగాయ పేరు చివర ఒక 'ఈ' తగిలిస్తే విశేషణం తయారు. క్యారెట్‌కి తగిలిస్తే 'క్యారటీ', అంటే ఎర్రజుట్టు. కార్న్ అంటే మొక్కజొన్న, మా హసన్‌పర్తి వైపు మక్కలు. 'కార్నీ' అంటే అరిగిపోయిన నాటు సరుకని. 1930ల ప్రాంతంలో అమెరికా జాజ్ వాయిద్యగాళ్ళు పల్లెటూరి ఫక్కీ సంగీతాన్ని 'మక్కలు తిని పెరిగింది' అని వెక్కిరించడంతో ఈ మాట వ్యాపించిందంటారు. పట్నంవాళ్ళ నవ్వుకి పాపం మక్కకంకి ఏం చేస్తుంది!

మన తెలుగుకి ఆ తోక అక్కర్లేదు. పేరునే ముందు పెట్టేస్తాం. వంకాయరంగు చీర, ఉల్లిపొర పైట, దోసగింజ బొట్టు. చూసి, తరిగి, చేత్తో పట్టుకున్నవాళ్ళు పుట్టించిన మాటలివి. వంకాయరంగు అనగానే బట్టలకొట్టు అబ్బాయి సరిగ్గా ఆ చీరే లాగుతాడు. (దొండపండు పెదవులన్న కవుల సంగతి వేరు. దొండకాయ పండేదాకా చూస్తూ కూర్చునే ఇల్లాలెవరండీ?)

'పాత చింతకాయ' మాత్రం ఈ కోవలోకి రాదు. మా ఊళ్ళో పచ్చడి అనం, తొక్కు అంటాం. చలికాలంలో పచ్చి చింతకాయలు ఉప్పూ పసుపూ వేసి దంచి జాడీకెత్తుతాం. ఏడాది తిరిగేసరికి నల్లబడుతుంది. జ్వరపడి లేచినవాళ్ళకీ, బాలింతకీ పథ్యంలో పెట్టేది కొత్తది కాదు, ఆ పాతదే. వంటింట్లో గుణమైంది సమీక్షలో దోషమెలా అయిందో! రోకలి పట్టిన చెయ్యి ఈ పోలిక కట్టలేదని నా అనుమానం.

పేలవమైన కథలు లేవనను. పెళ్ళిచూపులతో మొదలై, మొదటి పేజీలో అనుకున్నట్టే ముగిసే కథకి నాకూ ఆవలింతలొస్తాయి. దానికి మరో కాయ వెతుక్కోవాలి. నన్నడిగితే ముదురు సొరకాయ. సమీక్షలో 'ముదురు సొరకాయ కథ' అని రాయమనండి, లోపం ఎక్కడుందో ఏ రచయిత్రికైనా ఇట్టే తెలుస్తుంది: గింజ తియ్యలేదు, ఉప్పు చాల్లేదు.