జలప్రళయ కథలు: ప్రేమ, శాస్త్రము, గోదావరి

లోకం నీట మునిగిన తరువాత బ్రతికి మిగిలిన పడుచుపిల్లల కథలు గత పాతికేళ్ళుగా వివిధ భాషలలో విరివిగా వెలువడుతున్నాయి. పట్టణాలు మునుగుతాయి. పెద్దలు మరణిస్తారు, లేదా చేతులెత్తేస్తారు. పదిహేను పదహారేళ్ళ బాలుడూ బాలికా ఒక పడవలోనో, ఒక మేడమీదనో కలుసుకుంటారు. వారి ప్రేమా, వారి ఆకలీ కలిసి కథ అవుతుంది. ఇవి పిల్లల కాలక్షేపమని త్రోసివేయడం తగదు. సముద్రమట్టం పెరుగుదలను గురించిన మొదటి ఊహ ఎందరో యువకుల మనస్సులలో ఇట్టి కథలవల్లనే ఏర్పడవచ్చు. కనుక వీటిని కథలుగానూ, శాస్త్రవిషయంగానూ కూడా పరీక్షించి చూడాలి. అందుకు గోదావరి డెల్టాకంటె మంచి గీటురాయి మనకు లేదు. ధవళేశ్వరం దిగువ పుట్టినవారికి వరద కల్పన కాదు, ఏటా ఎదురయ్యే అనుభవం.

ఈ పరిశీలనకు రెండు కృతులు తీసుకుందాం. ఒకటి జూలీ బెర్టాన్యా అనే రచయిత్రి 2002లో ప్రకటించిన ‘ఎక్సోడస్’ నవల. రెండవది జపాను దర్శకుడు మకోతో షింకాయ్ 2019లో విడుదల చేసిన ‘వెదరింగ్ విత్ యు’ అనే బొమ్మల చలనచిత్రం.

నవలలో కథాకాలం ఈ శతాబ్దాంతం. పదిహేనేళ్ళ మారా నివసించే చిన్న ద్వీపాన్ని అట్లాంటిక్ సముద్రం మింగివేస్తూ వుంటుంది. ఆమె తన ఊరివారిని పడవలెక్కించి, మునిగిన గ్లాస్గో నగరంపై ఆకాశంలోకి లేచిన కొత్త నగరానికి తీసుకుపోతుంది. ఆ నగరానికి చుట్టూ గోడ. గోడ బయట పడవలలో కాందిశీకులు రోగాలతో మరణిస్తూ వుంటారు. లోపలి యువకునితో మారాకు ప్రేమ కలుగుతుంది గాని, చివరకు అతడు లోపలనే నిలిచిపోతాడు. ఆమె తనవారితో గ్రీన్‌లాండుకు ఓడ ఎక్కుతుంది.

చలనచిత్రంలో పదహారేళ్ళ హోడకా ఇల్లు విడిచి టోక్యో చేరుకుంటాడు. అక్కడ ఎడతెగని వర్షం. హినా అనే బాలిక ప్రార్థిస్తే కాసేపు ఎండ కాస్తుంది. ఆమె బలి అయితేనే వర్షం పూర్తిగా ఆగుతుందని తెలుస్తుంది. బాలుడు ఆమెను వెనక్కు తెచ్చుకుంటాడు. వర్షం మళ్ళీ మొదలై, మూడేళ్ళలో టోక్యోలో చాలాభాగం మునుగుతుంది.

మొదటి ప్రశ్న: ఇంత నీరు ఎక్కడిది? 1995లో వచ్చిన ‘వాటర్‌వరల్డ్’ అనే హాలీవుడ్ చిత్రంలో ధ్రువాల మంచు కరిగి భూమి దాదాపు అంతా మునిగిపోతుంది. ఇది అసంభవం. గ్లాసు నీటిలో తేలే మంచుముక్క కరిగినా నీటిమట్టం పెరగదు. అట్లే సముద్రంపై తేలే మంచు కరిగినందువల్ల మట్టం చెప్పుకోదగినంత పెరగదు. మట్టాన్ని పెంచేవి నేలమీది మంచూ, వేడికి సముద్రజలం వ్యాకోచించడమూ. నేలమీది మంచు సమస్తం కరిగినా మట్టం సుమారు 65–70 మీటర్లు మాత్రమే పెరుగుతుంది. అప్పుడు కోనసీమ వుండదు, రాజమహేంద్రవరమూ వుండదు. పాపికొండలు మాత్రం తలెత్తే నిలుస్తాయి. అంత కరగడానికి పట్టేది శతాబ్దాలు కాదు, సహస్రాబ్దాలు. 2100 నాటికి పెరుగుదల, మనం వాతావరణంలోకి వదిలే వాయువులనుబట్టి, సుమారు 0.28 మొదలు 1.01 మీటరు వరకు వుండవచ్చునని వాతావరణ మార్పుపై అంతర్జాతీయ శాస్త్రజ్ఞుల సంఘం 2021లో అంచనా వేసింది. మంచుఫలకాలు త్వరగా కూలితే ఇంతకు మించవచ్చునని కూడా హెచ్చరించింది.

ఈ లెక్కన బెర్టాన్యా కల్పన అతిశయోక్తి. కవికి అతిశయోక్తి చెల్లుతుంది గదా అనవచ్చు. కాని ఇక్కడ దానివల్ల ఒక నష్టమున్నది. గోపురాలు మునిగితేనే ప్రళయమని పాఠకుడు అనుకుంటాడు. డెల్టా అంచున మీటరు నీరే ప్రళయం. అంతర్వేది మొదలు ఉప్పాడ వరకు తీరం సముద్రమట్టానికి కొద్దిపాటి ఎత్తులోనే వున్నది. ఉప్పాడవద్ద ఇళ్ళనూ రోడ్డునూ కెరటాలు కోసివేయడం నేటికీ సాగుతూనే వున్నది. దీనికి ఆకాశనగరాలు అక్కరలేదు.

రెండవ ప్రశ్న: అది ఏ నీరు? ఈ కథలన్నింటిలో నీరు ఒకే రకం; అది అందంగా, నిలకడగా, అద్దంలా వుంటుంది. డెల్టావాసి మూడు నీళ్ళను ఎరుగును. మొదటిది ఏటి నీరు. 1986 ఆగస్టులో ధవళేశ్వరంవద్ద గోదావరి ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటింది. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, అనగా 28.3 లీటర్లు. కనుక ప్రతి సెకనుకూ సుమారు 10 కోట్ల లీటర్లు! ఏటిగట్లకు గండ్లు పడ్డాయి, లంకలు మునిగాయి. ఐనా ఈ నీరు చెప్పి వస్తుంది. భద్రాచలంవద్ద మట్టం పెరిగితే దిగువవారికి ముందుగానే తెలుస్తుంది. ధవళేశ్వరంవద్ద 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది. రెండవది సముద్రపు నీరు. 1996 నవంబరు 6న కోనసీమను తాకిన తుపానులో వేయిమందికి పైగా మరణించారు. అంతకు పూర్వం 1789లోనూ, 1839లోనూ ఉప్పెనలు కోరంగి రేవును ధ్వంసం చేశాయి. ఉప్పెన కొన్ని గంటలలో వచ్చిపోతుంది. వెనుక ఉప్పును మిగుల్చుతుంది. లీటరు సముద్రజలంలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. అవి పొలాన్నీ, మంచినీటి చెరువునూ పాడుచేస్తాయి. మూడవది కనబడకుండా వచ్చే నీరు: ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లు పెరిగే సముద్రం.

షింకాయ్ చిత్రంలో ముంచేది వర్షం. వర్షంవల్ల సముద్రమట్టం పెరగదు; కురిసినది సముద్రంనుంచి లేచినదే. ఐతే తూర్పు టోక్యోలో సముద్రమట్టంకంటె పల్లమైన ప్రాంతాలున్నాయి. అక్కడ నీటిని గట్లూ, పంపులూ ఆపుతున్నాయి. కనుక కల్పన పూర్తిగా నిరాధారం కాదు. మునిగిన తరువాత ఒక వృద్ధురాలు, ఆ చోటంతా ఒకప్పుడు సముద్రమేననీ, ఇప్పుడు మళ్ళీ అట్లే అయిందనీ బాలునికి చెబుతుంది. చిత్రంలో ఎంతో ఓదార్పునిచ్చే ఘట్టమిది. విమర్శకుడు ఆగి ఆలోచించవలసినదీ ఇక్కడనే.

మన డెల్టా కూడా ఒకప్పుడు సముద్రమే. గత ఆరువేల సంవత్సరాలకు పైగా గోదావరి తెచ్చిన ఒండ్రే కోనసీమ అయినది. బెర్టాన్యా నవలలో, మంచు బరువు తొలగితే గ్రీన్‌లాండు నేల పైకి లేస్తుందనే సూత్రం ఆశకు ఆధారమైనది. అది నిజమైన శాస్త్రమే. డెల్టా నేల స్వభావం ఇందుకు విరుద్ధం. మెత్తని ఒండ్రు తన బరువుకే అణగి క్రుంగుతుంది. ఏటా కొత్త ఒండ్రు పడితేనే దాని ఎత్తు నిలుస్తుంది. నది తెచ్చే ఒండ్రు 1970–80 ప్రాంతంలో ఏడాదికి సుమారు 15 కోట్ల టన్నులు వుండగా, 1990ల నాటికి 6 కోట్ల టన్నులకు లోపు తగ్గిందనీ, 1976–2001 మధ్య డెల్టా అంచున 1,800 హెక్టార్లకు పైగా నేల నికరంగా పోయిందనీ ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పరిశోధకులు లెక్కగట్టారు. ఎగువ జలాశయాలలో ఒండ్రు ఆగిపోవడమే ముఖ్యకారణమని వారి నిర్ణయం. కనుక ‘సముద్రం తన చోటు తాను తీసుకున్నది’ అనడం సగం సత్యమే. ఆ చోటును నిలబెట్టేది ఏదో, దానిని ఆపినది ఎవరో చెప్పకపోతే ఆ ఓదార్పు సాకుగా మారుతుంది.

మూడవ ప్రశ్న: ఈ పిల్లలు ఎట్లా బ్రతుకుతారు? షింకాయ్ చిత్రంలో వరదకంటె బలమైనది పేదరికం. తల్లి పోయిన హినా చిన్న తమ్మునితో ఒంటరిగా కాపురముంటుంది. ఉన్న చిరుతిండితోనే అతిథికి వంట చేసిపెడుతుంది. ఈ దృశ్యం సత్యం. కాని నగరం మునిగిన తరువాత త్రాగునీరు ఎట్లా వచ్చిందో, రోగాలేమైనాయో చిత్రం చెప్పదు. ఈ విషయంలో బెర్టాన్యాదే పైచేయి. గోడ బయటి పడవలలోని దాహాన్నీ, మరణాన్నీ ఆమె దాచలేదు. లంక గ్రామాలలో వరద వచ్చినప్పుడు మొదట వెదికేది ప్రియురాలిని కాదు. మంచినీటి బిందెను, పశువులకు మెరకను, నాటుపడవను. రాత్రంతా ఏటిగట్టుపై కాపలా కాసేది ఇద్దరు కాదు, ఊరు. మరొక సంగతి కాలం. 1996 తుపాను ఒక్క రాత్రిలో లెక్కలేనన్ని కొబ్బరిచెట్లను కూల్చింది. పొడుగు రకం కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. అంటే ఆనాటి పదిహేనేళ్ళ పిల్ల తన తోటలో మళ్ళీ కాయ చూసేసరికి ఇరవై రెండేళ్ళది. ఆ ఏడేళ్ళు ఆ ఇంటి అప్పూ, ఆమె చదువూ, ఆమె పెళ్ళీ ఏమయ్యాయి? ప్రళయానంతర ప్రేమకథ అసలు మొదలు కావలసినది ఇక్కడ.

మనవారు గోదావరిపై ప్రేమకథలు చెప్పకపోలేదు. ఆదుర్తి సుబ్బారావు ‘మూగమనసులు’ (1964)లో పడవవాని ప్రేమ సుడిగుండంలో ముగిసి, మరుజన్మలో ఫలిస్తుంది. అక్కడ నది విధికి ప్రతీక. అది రసవంతమైన చిత్రమే. ఐతే సుడి ఎందుకు పుట్టినదని అడిగే అవకాశం విధి మనకివ్వదు. హినా కథలోని ఆకాశమూ అటువంటిదే.

ఐనా షింకాయ్ ఒక మాటను ధైర్యంగా చెప్పాడు. లోకానికి ఎండ కావాలంటే ఒక పిల్ల ప్రాణం ఇవ్వాలన్న నియమాన్ని అతని నాయకుడు తిరస్కరించాడు. ఆ తిరస్కారం న్యాయమైనది. పెద్దలు చెడగొట్టిన వాతావరణానికి పిల్లలు మూల్యం చెల్లించరాదు. కాని తిరస్కరించిన తరువాత, మరి చెల్లించవలసినదేమిటన్న ప్రశ్న మిగులుతుంది. దానిని చిత్రం విడిచిపెట్టింది. సమాధానం డెల్టాలో ఉన్నది: గట్ల మరమ్మతు, మురుగు కాలువల పూడికతీత, దిగువకు ఒండ్రు చేరే ఏర్పాటు, ఉప్పెనలకు అడ్డునిలిచే కోరంగి మడ అడవుల రక్షణ. ఇవి ఒక్కరి త్యాగంతో జరిగేవి కావు. అనేకుల శ్రమతో, పన్నులతో, ఏళ్ళ తరబడి జరిగేవి.

ఈ రెండు కృతులనూ మన యువకులు తప్పక పరిశీలించవలసినదే. పిల్లల ప్రాణం విలువ షింకాయ్ నేర్పుతాడు. గోడ బయటివారి గతి బెర్టాన్యా చూపుతుంది. తెలుగులో ఇట్టి కథ వ్రాయబోయే రచయిత ముందు ధవళేశ్వరంవద్ద నీటికొలత పలకను చదవడం నేర్చుకోవాలి. అతని నాయికా నాయకులు ఒకరినొకరు మొదట చూసుకొనేది ఏటిగట్టుపై ఇసుకబస్తాలు అందించుకొనే వరుసలోనైతే, ఆ ప్రేమను గోదావరి పాఠకుడు నమ్ముతాడు.